ఎర్రటి మ్యాప్‌లో పచ్చటి చెక్క

“జ్ఞానదంతం కదులుతోంది,” అన్నాడు కొంగ.

పళ్ల డాక్టర్ క్లినిక్‌లో కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే టోకెన్ చేతిలో పెట్టింది. “కూర్చోండి, పిలుస్తారు.”

కొంగ ఉసూరుమన్నాడు. ఆ అమ్మాయి కొత్తది. ఆ కోడ్‌వర్డ్ చెప్పినవాణ్ణి ఎక్స్-రే గది వెనక తలుపులోంచి నేరుగా లోపలికి పంపాలని ఆమెకి ఎవరూ నేర్పినట్టు లేదు. చేసేది లేక, బుగ్గలు వాచిన రోగుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. దేశం మీదికి ముంచుకొస్తున్న ప్రమాదం కూడా అతనితో పాటు తన వంతు కోసం కాచుకుంది.

అతని అసలు పేరు సీక్రెట్ సర్వీస్ ఫైళ్లలో కూడా లేదు. పొడుగాటి మెడ, సన్నటి కాళ్లు, ఎంతసేపైనా ఒకచోట కదలకుండా నిలబడే ఓపిక చూసి ట్రైనింగ్‌లో ఎవరో కొంగ అన్నారు. అదే కోడ్‌నేమ్ అయి కూర్చుంది. ఇప్పుడా ఓపిక అయిపోయింది, కాళ్లకి కీళ్ల నొప్పులు పట్టుకున్నాయి. రిటైర్మెంట్ అడిగిన ప్రతిసారీ “ఈ ఒక్క మిషన్ కానివ్వు” అంటారు. ఆ ఒక్క మిషన్ హనుమంతుడి తోకలా పెరుగుతూనే ఉంది.

చివరికి పిలుపు వచ్చేసరికి, నిజం పళ్ల డాక్టరే నోరు తెరవమన్నాడు. రెండు పళ్లు పుచ్చాయని తేల్చాక గానీ చీఫ్ గదికి దారి దొరకలేదు.

“ఆలస్యం,” అన్నాడు చీఫ్. ఆయన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ పెద్దాయన అంటారు.

“పన్ను చూపించుకుని వచ్చాను సార్.”

గోడ మీద స్క్రీన్‌లో ఒక లోయ మ్యాప్ ఉంది. లోయంతా ఎరుపు. ఏటి ఒడ్డున ఒక్క పొలం చెక్క మాత్రం పచ్చగా ఉంది. కొంగ ఆ లోయని చూడగానే గుర్తుపట్టాడు. మొహం మాత్రం చెక్కు చెదరలేదు. అతనికి జీతం ఇచ్చేది అందుకే.

“దేశానికి కావలసిన గోధుమ విత్తనమంతా ఇక్కడే పండుతుంది,” అన్నాడు పెద్దాయన. “డ్రోన్లు రోజూ ఎగిరి పొలాలకి ఫోటోలు తీస్తాయి. మామూలువి కాదు, ఇన్‌ఫ్రారెడ్. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఆ వెలుగుని బాగా తిప్పికొడుతుంది. జబ్బు చేసిన ఆకు తిప్పికొట్టలేదు. ఏఐ ఆ తేడా లెక్కగట్టి మ్యాప్‌కి రంగులేస్తుంది. మనిషి కంటికి ఒక్క మచ్చ కూడా కనపడకముందే తెగులుని పట్టేస్తుంది.”

“ఎరుపంటే?”

“తుప్పు తెగులు. గాలికి పాకుతుంది. లాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగితే కొండ దాటేస్తుంది. రేపు సాయంత్రం గాలి తగ్గగానే స్ప్రే డ్రోన్లు లేస్తాయి. లోయలో పైరంతా చంపేస్తాం.”

“మరి ఆ మందు పడిన నేల?”

“కొన్నేళ్ల దాకా గరిక కూడా మొలవదు. తప్పదు.”

“రైతులేమంటున్నారు?”

“పైరు నిక్షేపంలా ఉందంటున్నారు. వాళ్లవి మామూలు కళ్లు కదయ్యా.”

పెద్దాయన చేతికర్రతో పచ్చటి చెక్క మీద తట్టాడు. “చుట్టూ ఎరుపు. ఇదొక్కటే పచ్చ. తెగులుకి గట్టు తెలుస్తుందా, సరిహద్దు తెలుస్తుందా? దీని వెనక అవతలి దేశం ముఠా ఉంది. మన పంట పోతే వచ్చే ఏడు విత్తనం వాళ్ల కాళ్లు పట్టుకుని కొనాలి. ఈ సెక్టార్‌లో డ్రోన్ ఎగరేసే పైలట్ వాళ్ల మనిషి. ఇక్కడ తెగులుని దాచిపెట్టి, మిగతా దేశానికి అంటించాలని ప్లాన్.”

“కంప్యూటర్లు చూశారా?”

“సైబర్ టీమ్ ఆ ఏఐని పొరలు పొరలుగా ఒలిచింది. ఒక్క లైను తేడా లేదు. తేడా మనిషిలోనే.” పెద్దాయన ఒక పెన్ను జరిపాడు. “మెడ మీద గుచ్చు చాలు. గుండెపోటు అనుకుంటారు.”

“పోయినసారి ఇచ్చింది జేబులో కారింది సార్. చొక్కా పోయింది.”

“ఇది కారదు. వాడి ముద్దుపేరు కుంభకర్ణుడట. రేపు సాయంత్రం లోపల పని ముగించు.”

కొంగ పెన్ను తీసుకుని బయటపడ్డాడు. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో అతను అనాథ. ఉద్యోగంలో చేరేటప్పుడు తెలివిగా అలా రాయించాడు, ఎవరూ బంధువుల్ని పట్టుకుని బెదిరించకుండా. నిజానికి ఆ లోయ పైచివర అతని అక్క గోధుమ వేసింది. అమ్మ పోయాక అతణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. తమ్ముడు ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్ముకుని బతుకుతున్నాడని ఆమె నమ్మకం. బావ పోయాక ఆ నేలే ఆమెకి మొగుడూ బిడ్డా అన్నీ అయింది. అక్క పొలం ఆ మ్యాప్‌లో నెత్తురు ముద్దలా ఉంది. కొంగకి భయం వేసింది. తుపాకులకి వేసే భయం కాదు, అవి అలవాటే. రేపు సాయంత్రం అక్క గట్టు మీద నిలబడి తన పైరు మాడిపోవడం చూస్తుంటే తను ఎక్కడ ఏ మారువేషంలో ఉంటాడోనన్న భయం.

*

మర్నాడు మధ్యాహ్నం బ్యాటరీ సర్వీస్ ఇంజినీర్ వేషంలో డ్రోన్ సెంటర్‌కి చేరాడు. పెట్టుడు మీసం జిగురు ఎండకి దురద పెడుతోంది. మిషన్ కోసం లాబ్ వాళ్లు తూనీగంత డ్రోన్ ఒకటి ఇచ్చారు, ముందు పైకి పంపి పైలట్ ఎక్కడున్నాడో చూసుకోమని. దాన్ని అలా గాల్లోకి వదిలాడో లేదో, ఎక్కణ్ణుంచో ఒక పిట్ట వచ్చి గుటుక్కుమని మింగేసింది. స్క్రీన్ మీద కాసేపు పిట్ట గొంతు కనిపించింది, తర్వాత చీకటి. కొంగ నిట్టూర్చి నడక మొదలుపెట్టాడు.

షెడ్డు మలుపులో ఎత్తు మడమల చెప్పులు బురదలో దిగబడి ఒకావిడ నిలబడి ఉంది. నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, మెడలో ‘క్వాలిటీ కన్సల్టెంట్’ అన్న కార్డు.

“మీసం ఎడమవైపు లేచింది,” అందామె.

సీతాకోక. డబుల్ ఏజెంట్. ఒకసారి ఓడలో అతణ్ణి కాపాడింది. ఒకసారి హోటల్ లిఫ్టులో శత్రువులకి అమ్మేసింది. ఇంకోసారి ఏం చేసిందో అతనికి ఇప్పటికీ తేలలేదు. కళ్లద్దాల అంచు కింద ఆమె కళ్లు కూడా అతని కళ్లలాగే నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి.

“ఇప్పుడెటువైపు?” అన్నాడు కొంగ, మీసం అదుముకుంటూ.

“జీతం టైముకి ఇచ్చేవాళ్లవైపు. నువ్వింకా రిటైర్ అవలేదా?”

“ఈ ఒక్క మిషన్.”

“నాకూ అదే చెప్పారు.” ఆమె బురదలోంచి చెప్పు లాక్కుంది. “చూడు, మనిద్దరం అలిసిపోయాం. ఆ పైలట్ సంగతి తేల్చేసి ఇంటికి పో. నేనూ పోతాను. నా నడుము ఇక్కడి మంచాల మీద నిలవట్లేదు.”

ఆమె వెళ్లిపోయాక కొంగ అక్కడే నిలబడ్డాడు. పైలట్ సంగతి తెలిసింది తనకీ పెద్దాయనకీ మాత్రమే. ఈమెకెలా తెలిసింది? ముఠా ఆ పైలట్‌ని కాపాడుకోవాలి గానీ, చంపెయ్యమని తొందర పెడుతుందేమిటి? తొండ తన గుడ్లు తానే తొక్కుకుంటుందా?

*

పైలట్ వ్యాన్ ఏటి ఒడ్డున చెట్టు నీడలో ఉంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మడత మంచం మీద ఒక భారీ మనిషి నోరు తెరిచి గురక పెడుతున్నాడు. కుంభకర్ణుడు అన్న పేరు పెట్టినవాళ్లు ఏమాత్రం అన్యాయం చెయ్యలేదు.

కొంగ పెన్ను మూత తీశాడు. ఇన్నేళ్ల సర్వీసులో నిద్రపోతున్న మనిషిని ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు. ఆ మెడ వైపు చూస్తూ నిలబడిపోయాడు. దేశద్రోహి అనేవాడు ఇంత నిశ్చింతగా నిద్రపోగలడా? తను దేశభక్తుడై ఉండీ మాత్రలు లేకుండా కునుకు తియ్యలేడు.

అప్పుడు మంచం పక్కన టీ గ్లాసు కింద బూడిద రంగు పలక కనిపించింది. దాని పక్కనే అలాంటిదే ఇంకోటి, కొత్తది, ప్లాస్టిక్ సీలు కూడా విప్పకుండా పడి ఉంది.

“ఇవేంటి?” అని గట్టిగానే అనేశాడు.

పైలట్ దిగ్గున లేచాడు. కొంగ మెడలో కార్డు చూసి చేతులు జోడించాడు. “హెడ్డాఫీసా సార్? మెమో ఇవ్వకండి సార్! రేపట్నుంచి తీస్తా. ఒట్టు!”

“ఏం తీస్తావ్?”

“పలక ఫోటో సార్.”

కొంగ పెన్ను మూత పెట్టేసి కూర్చున్నాడు. మనిషిని కూర్చోబెట్టి కక్కించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ ఆ విద్య కూడా అక్కర్లేదు, ఇతను అడక్కుండానే కక్కుతున్నాడు.

రూలేమిటంటే, డ్రోన్ లేచే ముందు ప్రతిసారీ నేల మీద పెట్టిన ఈ పలకని ఫోటో తియ్యాలి. ఎండ ఒక రోజులా ఒక రోజు ఉండదు. పలక ఎంత వెలుగుని తిప్పికొడుతుందో ముందే తెలుసు కాబట్టి, ఏఐ దాన్ని కొలబద్దగా పెట్టుకుని పైరు తిప్పికొట్టే వెలుగుని లెక్కగడుతుంది. నెల కిందట అందరికీ కొత్త పలకలు వచ్చాయి. పాతవి వాపసు చేసి కొత్తవి వాడమన్నారు. పైలట్లందరూ బుద్ధిగా వాడారు. ఈయన మాత్రం పలక పట్టుకెళ్లి నేల మీద పెట్టి, నీడ పడకుండా తిప్పి, వంగి చూసుకోవడం మహా బద్ధకమై, సీజన్ మొదట్లో పాత పలకతో తీసిన ఫోటోనే రోజూ పంపిస్తున్నాడు.

“రోజూ అదే?”

“ఎండ రోజూ ఒకేలా కాస్తోంది కద సార్. ఎవరు చూస్తారులే అని...”

కొంగ మోకాళ్లు పట్టుకుని లేచాడు. “సీలు విప్పు. కొత్త పలకతో ఒకసారి ఎగరెయ్.”

పైలట్ మూలుగుతూనే ఎగరేశాడు. చూస్తుండగానే ట్యాబ్‌లో ఏటి ఒడ్డు చెక్క ఎర్రబడింది. పలక మార్చి, గ్లాసు మరక తుడిచి, పాతదానితో మళ్లీ ఎగరేశారు. అదే పొలం, అదే ఎండ. పచ్చగా అయింది.

కొత్త పలక కంటికి అచ్చం పాత పలకే. ఇన్‌ఫ్రారెడ్‌లో మాత్రం ఉండాల్సినదాని కంటే ఎక్కువ మెరుస్తోంది. దాని పక్కన పెట్టి చూస్తే ఎంత మంచి పైరైనా వెలవెలబోతుంది. ముఠా కంప్యూటర్లని తాకనే లేదు. పలకల మీద రంగు పూసింది, అంతే. తప్పుడు తక్కెడ చేతికిస్తే ఏఐ అయినా, సాక్షాత్తూ యమధర్మరాజైనా ఏం చేస్తాడు? లోయలో ఏ పొలానికీ తెగులు లేదు. అక్క పైరుకీ లేదు.

కొంగకి ఒక్కసారి ఏడుపొచ్చినంత పనైంది. ఆకాశం వైపు చూశాడు. పొద్దు వాలుతోంది, గాలి తగ్గుతోంది. పెద్దాయన ఫోన్ ఆపేసి మీటింగ్‌లో ఉన్నాడు. క్లినిక్‌కి కలిపాడు.

“జ్ఞానదంతం కదులుతోంది! అర్జెంట్!”

“డాక్టరు గారు బిజీగా ఉన్నారండీ,” అంది కౌంటర్ అమ్మాయి. “వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ రాసుకోమంటారా? వచ్చేటప్పుడు ఎక్స్-రే తెచ్చుకోండి.”

కొంగ ఫోన్ పెట్టేశాడు. “స్ప్రే డ్రోన్లు లేచే ముందు ఏం చేస్తాయి?”

“లీడర్ డ్రోన్ కూడా పలక ఫోటో తీసుకుంటుంది సార్,” అన్నాడు పైలట్. “చివరి తనిఖీ. అంచున ఉన్న పొలం చూసి, ఎరుపైతే మందు వదుల్తుంది. పచ్చగా ఉంటే దానంతటదే వెనక్కొస్తుంది, మిగతావీ దిగిపోతాయి.”

“అక్కడున్నది?”

“కొత్త పలకే సార్. కన్సల్టెంట్ మేడమ్ గారు స్వయంగా పెట్టారు.”

“వ్యాన్ తియ్!”

“ఇప్పుడా సార్? టీ తాగి—”

“తియ్యి నాయనా, నీ పుణ్యముంటుంది!”

*

ఎయిర్‌స్ట్రిప్ మీద స్ప్రే డ్రోన్లు నల్లటి ట్యాంకులు తగిలించుకుని బారులు తీరి ఉన్నాయి. బటన్ నొక్కేసి సిబ్బంది మందు వాసన పడక దూరంగా షెడ్డులో తలుపేసుకున్నారు. గేటు దగ్గర వ్యాన్ ఆపి ఎవరొచ్చినా మాటల్లో పెట్టమని పైలట్‌కి చెప్పి, కొంగ పాత పలక చంకన పెట్టుకుని పరిగెత్తాడు. పరుగంటే అతని ఉద్దేశంలో పరుగు. చూసేవాళ్లకి కుంటి నడకే.

నేల మీద తెల్ల సున్నంతో గీసిన గడిలో కొత్త పలక ఉంది. దాన్ని గిరాటేసి, మోకాళ్ల మీద కూలబడి, పాతదాన్ని గడిలో సర్దాడు. లీడర్ డ్రోన్ రెక్కలు తిరగడం మొదలైంది.

అంతలో పలక మీద పొడుగాటి నీడ పడింది.

“లేవకు,” అంది సీతాకోక. వాలుపొద్దుకి అడ్డంగా నిలబడి ఉంది, చేతిలో చిన్న పిస్టల్.

“లేవమన్నా లేవలేను. మోకాళ్లు పట్టేశాయి.”

“ఆ కుంభకర్ణుడొక్కడు కొంప ముంచాడు. ఎంత పకడ్బందీ ప్లాన్‌కైనా బద్ధకస్తుడొకడు తగులుతాడు.”

“నీడ తియ్,” అన్నాడు కొంగ. నీడ పడ్డ పలకని డ్రోన్ లెక్కలోకి తీసుకోదు. పాత ఎర్రటి మ్యాప్‌నే నమ్ముకుని పోతుంది.

“తీస్తే నాకేమిటి?”

“ఏమీ లేదు.”

డ్రోన్ నేల వదిలింది. దుమ్ము లేచి ఇద్దరి కళ్లలో పడింది.

“ఏదైనా ఒక అబద్ధం చెప్పు,” అందామె అలసటగా. “ఓడలో చెప్పావే, ఇద్దరం పారిపోదాం, దీవి కొనుక్కుందాం అని. అలాంటిది.”

కొంగ నోరు తెరిచాడు. ఒక్క అబద్ధమూ రాలేదు. ఇన్నేళ్లుగా వాడి వాడి నిల్వ అయిపోయినట్టుంది.

“పైచివర మా అక్క పొలం ఉంది,” అన్నాడు. “అమ్మ పోతే నన్ను అక్కే పెంచింది. నాకన్నం పెట్టి తను మంచినీళ్లు తాగి పడుకునేది. ఆ పొలం పోతే అక్క బతకదు. నాకింకెవరూ లేరు.”

డ్రోన్ వాళ్ల తల మీదికి వచ్చి ఆగింది. కింద లెన్స్ తిరుగుతోంది.

“నీకు అక్కుందా?” అంది సీతాకోక. “మా ఫైల్లో అనాథ అని ఉంది.”

“మా ఫైల్లోనూ అంతే.”

ఆమె అతని మొహంలోకి చూసింది. కళ్లద్దాలు తీసి మరీ చూసింది. తర్వాత ఒక్క అడుగు పక్కకి వేసింది.

పలక మీద ఎండ పడింది. అదే క్షణంలో లెన్స్ క్లిక్కుమంది.

డ్రోన్ సర్రున పొలాల అంచుకి పోయి, గోధుమ మీద ఆగింది. మందు గొట్టాలు తెరుచుకోలేదు. డ్రోన్ మెల్లగా వెనక్కి తిరిగి వచ్చి, బయల్దేరిన చోటే దిగింది. అప్పుడే నేల వదులుతున్న మిగతావి కూడా ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. గేటు దగ్గర వ్యాన్ లోంచి గురక వినిపిస్తోంది.

“ఎందుకు?” అన్నాడు కొంగ.

“ఈ వృత్తిలో నాతో ఒకరు నిజం చెప్పడం ఇదే మొదటిసారి.” ఆమె పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. “అబద్ధమే అయితే మాత్రం, చాలా బాగా చెప్పావు. పలకల కంపెనీ గోడౌన్‌లో మా వాళ్లందరూ ఉన్నారు. నేను ఊరు దాటాక మీవాళ్లకి చెప్పు.”

చెయ్యందించి అతణ్ణి లేపింది. తర్వాత చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో గట్టు వెంట వెళ్లిపోయింది. ఆమె కనుమరుగయ్యేదాకా కొంగ ఫోన్ తియ్యలేదు.

*

“ఏరా, ఇటెలా వచ్చావ్?” అంది అక్క. పొద్దున్నే చేలో వంగి కలుపు తీస్తోంది. “ఇక్కడ బ్యాటరీలు ఎవరు కొంటార్రా?”

“ఊరికే, నిన్ను చూద్దామని.”

“నిన్న చూడాల్సింది తమాషా. ఆ డ్రోన్లు లేచి, మళ్లీ కూలబడ్డాయి. మొన్నటిదాకా తెగులన్నారు, ఇప్పుడేమో పలక తప్పంటున్నారు. నేను మొత్తుకుంటే ఎవడైనా విన్నాడా? ఆ ఆఫీసుల్లో ఒక్కడికీ పనీ పాటా ఉన్నట్టు లేదు.”

“లేదక్కా.”

గోధుమ నడుమెత్తు లేచి ఉంది. కొంగ ఒక ఆకు పట్టుకుని రెండువైపులా తిప్పి చూశాడు. మచ్చ లేదు, మరక లేదు. కళ్లు మసకబారాయి.

“ఏంట్రా ఆ కళ్లు?”

“ఎండక్కా.”

“ఎండ కాదు, నిద్ర లేక. మనిషివి సగమైపోయావ్. ఎవరూ అడగరట్రా నిన్ను, తిన్నావా పడుకున్నావా అని?” చేతి వెనకవైపుతో అతని నుదురు తడిమి చూసింది. “సరే, వచ్చినవాడివి ఊరికే నిలబడకు. ఆ చాలు పట్టు.”

కొంగ చాలు పట్టాడు. మోకాళ్లు మొర పెడుతున్నా మనసుకి హాయిగా ఉంది. సగం చాలు కాకముందే ఫోన్ మోగింది.

“శభాష్!” అన్నాడు పెద్దాయన. “ముఠా మొత్తం దొరికింది.”

“ఆ పైలట్‌కి ఏమైనా అవార్డు ఇవ్వండి సార్.”

“బద్ధకానికి అవార్డెలా ఇస్తామయ్యా? రూలు పాటించనందుకు మెమో రాశాం. అది తీసుకోడానికి కూడా రాలేదు. సరే గానీ, వెంటనే బయల్దేరు. ఈ ఒక్క మిషన్—”

“కుదరదు సార్. ఫీల్డ్‌లో ఉన్నా.”

“ఏ ఫీల్డ్? ఎవరిచ్చారు ఆర్డర్?”

“ఒరేయ్!” గట్టు మీంచి కేక వచ్చింది. “ఆ ఫోన్ అవతల పారేసి కలుపు చూడు! వెనక సగం వదిలేసుకుంటూ పోతున్నావ్!”

ఫోన్‌లో పెద్దాయన గొంతు తగ్గించి అడిగాడు. “ఎవరయ్యా ఆవిడ? మన డిపార్ట్‌మెంట్‌లోకి వస్తుందేమో కనుక్కో.”

“వద్దు సార్,” అన్నాడు కొంగ, వదిలేసిన కలుపు కోసం వెనక్కి తిరుగుతూ. “వస్తే ముందు మీ చేత పని చేయిస్తుంది.”